కత్తెరక్క కథలో రాక్షసి

కత్తెరక్కకు మాటలు ఎప్పుడొచ్చాయన్న దాని మీద ఇంట్లో రెండు అభిప్రాయాలుండేవి. ఏడాది నిండకముందే వచ్చాయని వాళ్ల నాన్న అనేవాడు. కాదు, పుట్టీ పుట్టగానే వచ్చాయని మేనత్త అనేది. మధ్యలో ఎప్పుడైనా ఆగిన సందర్భం మాత్రం ఇద్దరికీ గుర్తు లేదు.

వాళ్లుండేది నగరం నడిబొడ్డున. నడిబొడ్డు అనగానే దీపాలు, అద్దాల షాపులు ఊహించుకోనక్కర్లేదు. నగరం పెద్దదవుతూ అంచులకు పాకిపోయి, మధ్యలో ఉన్న ఆ నాలుగు వీధులనూ మర్చిపోయింది. మొదట వీధి చివరున్న దారం మిల్లు మూతపడింది. మిల్లు లేకపోయాక ఇటు ఎక్కే వాళ్లెవరని బస్సు దారి మార్చుకుంది. బస్సు రాని చోట బేరం ఏముంటుందని షాపుల షట్టర్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. దిగని వాటిలో ఒకటి వాళ్ల నాన్న కటింగ్ షాపు. దాన్ని మూయకపోవడానికి గొప్ప కారణమేమీ లేదు. ఊళ్లో ఏం మూతపడినా జుట్టు పెరగడం ఆగదు కదా అనేవాడాయన. మొత్తం మీద ఆయన జీవితంలో మాట్లాడిన పొడవాటి వాక్యం అదే.

షాపు కింద, ఇల్లు పైన నాలుగో అంతస్తులో. మధ్యలో ఒక లిఫ్టు ఉండేది. ఉండేది అంటే, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఇరుక్కుని ఉండేది. దాన్ని కదులుతుండగా చూశామని చెప్పేవాళ్లు ఆ మేడలో ఒకరిద్దరే మిగిలారు. వాళ్ల మాట ఎవరూ నమ్మేవారు కాదు.

కత్తెరక్కకు రెండేళ్లప్పుడు తల్లి పోయింది. పది రోజులు సాయంగా ఉండి వెళ్తానని చిన్న సంచితో వచ్చిన మేనత్త, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు గడిచినా ఆ మాటే అనేది. "నేను వచ్చింది పది రోజుల కోసం. ఈ పిల్ల కాస్త కుదురుకోగానే వెళ్లిపోతాను" అని. పిల్ల కుదురుకోలేదు. మేనత్తా వెళ్లలేదు.

మేనత్తకు రెండు అలవాట్లు. ఒకటి, సణగడం. రెండోది, నీళ్లు పట్టడం. ఆ మేడలో కుళాయి పొద్దున కాసేపు వచ్చేది, అది కూడా కింది అంతస్తులోనే. ఆవిడ మెట్లెక్కుతూ దిగుతూ బిందెలూ, బకెట్లూ, గిన్నెలూ, చివరికి టీ కప్పులూ నింపేది. రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఖాళీ పాత్ర కనిపిస్తే ఆవిడకు నిద్ర పట్టేది కాదు. చిన్నప్పుడు కత్తెరక్క నడవాలంటే బిందెల మధ్య దారి వెతుక్కోవాల్సి వచ్చేది. ఏదైనా ఒకటి తన్నుకుని ఒలికిందంటే ఇక ఆ రోజు గడిచినట్టే.

ఆ తిట్లు తప్పించుకోవడానికే పిల్ల కిందికి, షాపులోకి వచ్చేసేది. వచ్చి స్టూలెక్కి నాన్నకు దువ్వెనలు అందిస్తూ కూర్చునేది. ఒకరోజు ఒక తల్లి తన కొడుకును చంకలో ఇరికించుకుని తీసుకొచ్చింది. వాడు కత్తెర చూడగానే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. కత్తెర గాల్లో పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడు స్టూలు మీది పిల్ల అంది, "మా మేడ పైన పిడుగు అని ఒక అమ్మాయి ఉంటుంది, తెలుసా?"

వాడు ఏడుపు మధ్యలో ఒక కన్ను తెరిచాడు.

"మన వీధిలో దీపాలు ఒక్కొక్కటే పోతున్నాయి కదా. ఎవరో దొంగతనం చేస్తున్నారు. అది కనిపెట్టడానికి ఆ అమ్మాయి బయల్దేరింది. నువ్వు కదిలావనుకో, కథ ఆగిపోతుంది."

వాడు కదల్లేదు. వాడి జుట్టు అయిపోయింది కానీ కథ అవలేదు. మర్నాడు పొద్దున్నే వాడు ఒంటరిగా వచ్చి, ఇంకా కత్తిరించడానికేమీ మిగలని తలను చూపించి, "ఇంకొంచెం కత్తిరించండి" అన్నాడు.

ఇక చూడండి. ఆ వీధి పిల్లలంత పొందికైన తలలతో నగరంలో ఇంకెక్కడా పిల్లలు ఉండేవారు కాదు. పిడుగు దీపాల దొంగ కోసం మిల్లు గోడ దూకింది. షట్టర్ల కింద నుంచి దూరింది. ఆగిపోయిన లిఫ్టు పైకెక్కి కూర్చుని కాపలా కాసింది. ఏ పిల్ల ఎంత కదిలే రకమో చూసి, దానికి తగ్గట్టు కథలో ప్రమాదం పెంచేది కత్తెరక్క. మరీ కదిలే పిల్లలకు బిందెల రాక్షసి వచ్చేది. ఆ రాక్షసి మెట్ల మీద రొప్పుతూ సణుగుతూ తిరుగుతుంది. వీధిలో నీళ్లన్నీ తన బిందెల్లో దాచేస్తుంది. ఈ రాక్షసిని ఎక్కడ నుంచి తెచ్చిందో వీధిలో అందరికీ తెలుసు, ఒక్క మేనత్తకు తప్ప. ఆవిడ కింద షాపులోకి అడుగు పెట్టేది కాదు. కింద పడిన జుట్టంటే ఆవిడకు గిట్టదు.

నాన్న చేతులు వణకడం మొదలైన ఏడాది కత్తెర పూర్తిగా ఆమె చేతికొచ్చింది. ఆమె చేతికి రావడంతో షాపుకు ఆడవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఒకసారి అద్దం మీది దీపం వెలగడం లేదంటే ఎలక్ట్రీషియన్ ఒకతను వచ్చాడు. దీపం బాగుచేశాడు. వచ్చాను కదా అని కటింగ్ చేయించుకున్నాడు. పిడుగు మిల్లు చిమ్నీ ఎక్కుతుండగా అతని జుట్టు అయిపోయింది. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని అతను తెగ తాపత్రయపడ్డాడు. షాపులో బాగుచేయడానికి ఇంకేమీ లేకపోయింది. ఆఖరికి ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఇది కత్తెరక్క చెప్పే మాట. అతన్నడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఆ ఇంట్లో మాట్లాడే అవకాశం వస్తే కదా!

షాపు పక్కనే ఒక పాత అచ్చు ప్రెస్సు. దాని యజమానిని అందరూ ప్రెస్ బాబాయి అనేవారు. ముఖం ఎప్పుడూ వేలాడేసుకుని ఉండే మనిషి. అలా ఉండటానికి కారణం లేకపోలేదు. ఆయనకు అప్పట్లో వచ్చే పని ఒక్కటే. "షాపు మూసివేయబడుచున్నది, సరుకు చౌకగా అమ్మబడును" అన్న నోటీసు. పేరు ఒక్కటి మార్చి ఎప్పుడూ అదే అచ్చు వేసేవాడు. నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలకు వారం వారం కటింగ్ కావాలంటూ వచ్చి కుర్చీలో కూర్చునేవాడు.

"ఏమ్మా, ఇదంతా రాసివ్వకూడదూ?" అన్నాడు ఒకసారి. "నా దగ్గర కాగితం పడి ఉంది. నోటీసులు వేయించుకోవాల్సిన ఆయన, నోటీసు కూడా వేయించుకోకుండానే మూసేసి పోయాడు."

"రాస్తే చదివేదెవరు బాబాయ్?"

"నేను చదువుతాను. అక్షరాలు పేర్చేటప్పుడు చచ్చినట్టు చదవాలిగా."

మధ్యాహ్నాలు బేరం ఉండేది కాదు. కత్తెరక్క అద్దం ముందు కూర్చుని రాయడం మొదలుపెట్టింది. నోటితో చెప్పినంత జోరుగానే రాసేసింది. ఇరవై అధ్యాయాలొచ్చాయి. ప్రెస్ బాబాయి ఒక్కో అధ్యాయం పేర్చి అచ్చు వేస్తూ పోయాడు. "పేజీకి పదిసార్లు 'అప్పుడేమైందంటే' అని రాస్తే నా దగ్గర అన్ని అక్షరాలెక్కడివమ్మా?" అని తగువు పెట్టుకునేవాడు. ఆమె నాలుగు తీసేసి, ఇంకోచోట ఐదు పెట్టేది.

రెండో అంతస్తులో ఉడత అని పిలిచే పాప ఉండేది. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంది. కొత్తగా చదవడం వచ్చిన వాళ్ల పద్ధతే వేరు కదా. కనిపించిన ప్రతి అక్షరాన్నీ ఊరంతటికీ వినిపించాలి. ప్రెస్సు బయట ఆరబెట్టిన అచ్చు కాగితాల్లో ఒకటి తీసుకుని మెట్ల మీద కూర్చుని గట్టిగా చదువుతోంది. సరిగ్గా అప్పుడే మేనత్త రెండు బకెట్లతో పైకెక్కుతూ ఆయాసం తీర్చుకోవడానికి అక్కడ ఆగింది.

ఉడత చదివింది, "బిందెల రాక్షసి రొప్పుతూ మెట్లెక్కింది. నా మోకాళ్లు, నా మోకాళ్లు అని సణిగింది." చదివి తలెత్తి చూసింది. "అమ్మమ్మా, ఇది నువ్వే కదా?"

మేనత్త బకెట్లు కింద పెట్టింది. "తర్వాత ఏమైందో చదువు."

"పిడుగు సూది తీసుకుని బిందెలన్నిటికీ చిల్లులు పొడిచింది. నీళ్లన్నీ వరదలా వచ్చాయి. రాక్షసి మెట్ల మీద నుంచి కొట్టుకుపోయి చచ్చిపోయింది." ఉడత ఆవిడ ముఖం చూసి, ఊరడించాలనుకుని, "కథలోనే లే" అంది.

కత్తెరక్క ఆ సమయంలో ఒక పెద్దాయన గడ్డానికి నురగ రాస్తోంది. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ షాపు గడప తొక్కని మేనత్త, జుట్టు తొక్కుకుంటూ లోపలికి వచ్చేసింది. చేతిలో ఆ కాగితం. మూల కుర్చీలో ఉన్న నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"రాక్షసినా నేను?"

"అత్తా, అది ఊరికే... పిల్లల కోసం..."

"ఇది ఎన్నో అధ్యాయం?"

"తొమ్మిది."

"మొత్తం ఎన్ని?"

"ఇరవై."

"అంటే తొమ్మిదింటికే నన్ను చంపేసి, మిగతా పదకొండూ నేను లేకుండా నడిపించావా? అంత పనికిరాని దాన్నా?"

నురగ పూసుకున్న పెద్దాయన నవ్వబోయి, ఆవిడ చూపు తగిలి నురగలోకి ముఖం దాచుకున్నాడు.

"చంపితే చంపావు. ఆ నీళ్లు! అన్ని బిందెల నీళ్లు పారబోయడానికి నీకు చేతులెలా వచ్చాయే?" ఆవిడ గొంతు అక్కడ మారింది. "నీకు నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తడిగుడ్డ వేస్తూనే ఉండమన్నాడు డాక్టరు. ఆ రోజే పైపు పగిలి వీధి మొత్తానికి చుక్క నీరు రాలేదు. ఇంట్లో ఒక్క గిన్నెలో నీళ్లు లేవు. నిన్ను మీ నాన్న ఒళ్లో పెట్టి, నేను ఆసుపత్రి వీధి దాకా పోయి బకెట్ మోసుకొచ్చాను. పైకి తెచ్చేసరికి సగం మెట్ల మీదే ఒలికిపోయింది. మళ్లీ వెళ్లాను. ఎన్నిసార్లు వెళ్లానో నాకే తెలీదు. అప్పటినుంచి ఖాళీ గిన్నె కనిపిస్తే నాకు అదే గుర్తొస్తుంది. నాకేం సరదా అనుకున్నావా ఈ మోకాళ్లతో?"

కత్తెరక్క నాన్న వైపు చూసింది. ఆయన పేపరు దించి, "అవునమ్మా" అన్నాడు. అంతే.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా కత్తెరక్కకు ఒక్క మాట కూడా దొరకలేదు. చేతిలో బ్రష్షు అలాగే ఉంది. చివరకు పెద్దాయనే, "అమ్మాయ్, ఆరిపోతోంది" అని తన గడ్డం గుర్తు చేశాడు.

ఆ గడ్డం గీయడం అవగానే ఆమె ప్రెస్సుకు పరిగెత్తింది.

"బాబాయ్, రాక్షసి చావకూడదు."

"చచ్చిపోయింది కదమ్మా. అచ్చు కూడా అయిపోయింది."

"బతికించాలి."

ప్రెస్ బాబాయి తల పట్టుకున్నాడు. "చచ్చిన వాళ్లను లేపడానికి ఇదేమైనా ఆసుపత్రా? ఆ కాగితాలన్నీ ఏం చేయమంటావు? తర్వాతి అధ్యాయాల్లో ఆవిడ ఉండాలంటే అవన్నీ మళ్లీ పేర్చాలి. నావల్ల కాదు."

ఇంకో గంటకు మేనత్త వచ్చి ప్రెస్సులో స్టూలు వేసుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు. ఊరికే తన మోకాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. కుడి మోకాలు పూర్తయి ఎడమ మోకాలికి వచ్చేసరికి ప్రెస్ బాబాయి తొమ్మిదో అధ్యాయం అక్షరాలు విప్పేయడం మొదలుపెట్టాడు.

కొత్త అధ్యాయంలో పిడుగు సూది పట్టుకుని రాక్షసి ఇంటి దాకా వెళ్తుంది. తలుపు సందులోంచి చూస్తే లోపల జ్వరంతో ఒక పాప, పక్కన తడిగుడ్డ పిండుతూ రాక్షసి. పిడుగు సూది జేబులో పెట్టుకుని, కింద పెట్టి ఉన్న బకెట్‌ను ఒక పక్క పట్టుకుంటుంది. అక్కడి నుంచి చివరిదాకా ఆ రాక్షసి పిడుగు వెంటే తిరుగుతుంది. మిల్లు చిమ్నీ ఎక్కేటప్పుడు కింద నిలబడి సణుగుతుంది. దీపాలు ఎవరూ దొంగిలించలేదని, ఒక్కో ఇల్లూ ఖాళీ అయినప్పుడల్లా ఒక్కో దీపం ఆరిపోతోందని కనిపెట్టేది కూడా ఆవిడే. "మనుషులు లేని ఇంట్లో దీపం ఎవరు పెడతారే, ఇది కూడా తెలీదా?" అని పిడుగును కసురుతుంది. అప్పటిదాకా మామూలుగా నడిచిన పుస్తకానికి ఆవిడ సణుగుడుతో ప్రాణం వచ్చిందని ప్రెస్ బాబాయి ఒప్పుకున్నాడు. ఒప్పుకునేటప్పుడు కూడా ముఖం వేలాడేసుకునే ఉన్నాడు.

రాక్షసి చచ్చిపోయిన పాత కాగితాలు వృథా పోలేదు. షాపులో కత్తి మీది నురగ తుడవడానికి పనికొచ్చాయి. గడ్డం గీయించుకునే వాళ్లు కుర్చీలో కూర్చుని, "ఇదేంటి, ఇందులో చచ్చిపోయిందే!" అని కంగారు పడుతుంటే, "అది తప్పుడు వార్త" అని కత్తెరక్క తుడిచేసేది.

పుస్తకం వచ్చాక వీధిలో పెద్ద గొడవే జరిగింది. కథలో పెట్టినందుకు ఎవరూ కోప్పడలేదు, తమను పెట్టనందుకే అందరూ కోప్పడ్డారు. షట్టర్లు బాగుచేసే ఆయన నెల రోజులు పలకరించలేదు. "వీధిలో అన్ని షట్టర్లు ఉన్నాయని రాశావు. వాటికి గ్రీజు పూసేదెవరో ఒక్క మాట రాయలేకపోయావు" అని మూతి ముడుచుకున్నాడు. నాన్న మాత్రం రోజుకో పేజీ చొప్పున చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటి పేజీ తీశాడు. ఎలా ఉందని కూతురు అడిగితే, "బావుంది" అన్నాడు. ఇంకో పేజీ తిప్పి, "పొడుగ్గా ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఏడాదికి ఆయన పోయాడు. రెండోసారి సగం దాకా చదివి ఆగిన పేజీలో ఆయన గుర్తుగా పెట్టిన దువ్వెనను ఆమె తీయలేదు.

పుస్తకం వచ్చినంత మాత్రాన మిల్లు తెరుచుకోలేదు, లిఫ్టు కదల్లేదు. కానీ వీధి వదిలి వెళ్లిపోయిన వాళ్లు ఎలాగో విని, పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవు రోజుల్లో రావడం మొదలుపెట్టారు. "ఇదిగో, పిడుగు కూర్చున్న లిఫ్టు", "ఇదిగో, మేం ఉన్న ఇల్లు" అని చూపించేవారు. వచ్చిన వాళ్లు కటింగ్ కూడా చేయించుకుని వెళ్లేవారు. పిల్లలు ముఖ్యంగా అడిగేది రాక్షసి ఎక్కడ అని. మేనత్త అందుకు సిద్ధంగా మూడో అంతస్తు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. పిల్లలు భయపడకపోతే ఆవిడకు కోపం వచ్చేది.

"నిజంగా రాక్షసివేనా?" అంటే, "కింద కుళాయి దగ్గరున్న బకెట్ పైకి మోసుకురా, చెప్తాను" అనేది. ఆ రకంగా ఆవిడకు నీళ్లు మోసే బాధ తప్పింది.

ఇటీవల ఒక పెద్ద బడి నుంచి కత్తెరక్కకు పిలుపొచ్చింది. పిల్లల ముందు మాట్లాడమని. భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుని వెంట వెళ్లాడు. హాలు నిండా పిల్లలు. వేదిక మీద మైకు. ఆమె మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికే నిలబడి మాట్లాడటం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు.

"ఎవరైనా ఇక్కడికొచ్చి కూర్చుంటారా?" అంది ఆఖరికి. "నాకు తల ఒకటి కావాలి."

హాలంతా చేతులు లేచాయి. కానీ ఇంట్లో వాళ్లను అడక్కుండా పిల్లల జుట్టు ముట్టుకోనివ్వకూడదని టీచర్లు గుసగుసలాడుకున్నారు. పిల్లలు నిరాశగా చేతులు దించుతుంటే, ముందు వరుసలోంచి హెడ్‌మిస్ట్రెస్ లేచి వచ్చింది. నడుం దాకా జడ ఉన్న, నవ్వడం పెద్దగా అలవాటు లేని మనిషి.

"కొసలు మాత్రమే" అంది కుర్చీలో కూర్చుంటూ.

"కొసలే మేడమ్" అంది కత్తెరక్క, సంచిలోంచి కత్తెర తీస్తూ.

పిడుగు చిమ్నీ ఎక్కింది. కింద నుంచి రాక్షసి సణిగింది. పిల్లలు బెంచీల మీద పడి దొర్లారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ కూడా కదల్లేదు. కథ బాగా సాగింది. కొసలు కూడా బాగానే సాగాయి. కత్తెరక్క ఊపిరి పీల్చుకుని చూసుకునేసరికి జుట్టు భుజాల దగ్గరికి వచ్చేసింది. మూల కూర్చున్న భర్త కళ్లు మూసుకున్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ చేయి వెనక్కి పెట్టి తడుముకుంది. మళ్లీ తడుముకుంది. ఆవిడ మెల్లగా లేచి పిల్లల వైపు వీపు తిప్పి నిలబడింది.

"నిజం చెప్పండి. వెనక నుంచి ఎలా ఉంది?"

"బావుంది మేడమ్!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆవిడ తల అటూ ఇటూ ఊపి చూసుకుంది. తేలిగ్గా ఉన్నట్టుంది. పెదవి చివర ఏదో కదిలింది, నవ్వే అయి ఉంటుంది. "అయితే సరే" అని, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.